పైలట్ నిద్రకు చోటులేని టైంటేబుల్

2025 డిసెంబరు మొదటి వారం. శంషాబాద్ విమానాశ్రయంలో మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు ఆందోళనకు దిగారు. శబరిమల యాత్రకని కొచ్చి విమానం ఎక్కవలసినవాళ్లు. అది గంటలకు గంటలు ఆలస్యమైంది. ఎప్పుడు కదులుతుందో చెప్పే నాథుడు లేడు. అదే వారం కర్ణాటకలోని హుబ్బళ్లిలో ఒక పెళ్లి రిసెప్షన్ ఏర్పాటైంది. బంధువులు వచ్చేశారు, భోజనాలు సిద్ధమయ్యాయి. కొత్త దంపతులు మాత్రం విమానం రద్దయి భువనేశ్వర్‌లో చిక్కుకుపోయారు. చివరికి వేదిక మీద వాళ్ల కుర్చీల్లో పెళ్లికూతురి తల్లిదండ్రులు కూర్చున్నారు. వధూవరులు అక్కడే ముస్తాబై, వీడియోకాల్‌లో తెరమీద కనిపించి అందరికీ నమస్కారం పెట్టారు.

విమానాలు పార్కింగ్‌లో వరసగా నిలబడే ఉన్నాయి. టికెట్లు అమ్ముడయ్యే ఉన్నాయి. లేనిదల్లా కాక్‌పిట్‌లో కూర్చోవలసిన ఇద్దరు మనుషులు.

డిసెంబరు 3 నుంచి 5 దాకా మూడే మూడు రోజుల్లో ఇండిగో సంస్థ 2,507 విమానాలు రద్దు చేసిందనీ, మరో 1,852 ఆలస్యంగా నడిచాయనీ, 3 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారనీ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తేల్చింది. మన దేశంలో విమానం ఎక్కే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఎక్కేది ఈ ఒక్క సంస్థ విమానాలే. అది కూలబడితే మోయగల భుజం ఇంకొకటి లేదు. మిగతా సంస్థల టికెట్ల ధరలు చుక్కలనంటాయి. దాంతో కేంద్రం గరిష్ఠ ఛార్జీ పెట్టవలసి వచ్చింది, 500 కిలోమీటర్ల లోపు దూరానికి 7,500 రూపాయలకు మించకూడదని. రైల్వేలు అదనపు బోగీలు తగిలించాయి.

ఇంతకీ జరిగిందేమిటి? పైలట్లకు విశ్రాంతి పెంచుతూ తెచ్చిన కొత్త నిబంధనలే విమానాలను ఆపేశాయన్న మాట ఆ రోజుల్లో గట్టిగా వినిపించింది. ఆ మాట సగం కూడా నిజం కాదు.

ఎఫ్‌డీటీఎల్ అని పిలిచే ఆ నిబంధనలు పైలట్ ఎన్ని గంటలు డ్యూటీ చేయవచ్చో, ఎన్ని గంటలు విమానం నడపవచ్చో, మధ్యలో ఎంత విశ్రాంతి ఉండాలో చెబుతాయి. పాత లెక్కలో వారానికి 36 గంటల విశ్రాంతి ఇస్తే సరిపోయేది. కొత్త లెక్కలో అది 48 గంటలైంది. అంతకుముందు అర్ధరాత్రి నుంచి 5 గంటల దాకా ఉన్నదే రాత్రి. ఇప్పుడు 6 గంటల దాకా. రాత్రి డ్యూటీలో చేయగల ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. రాత్రివేళ విమానం నడిపే సమయం 8 గంటలు, మొత్తం డ్యూటీ 10 గంటలు దాటకూడదు.

ఇవి రాత్రికి రాత్రి ఊడిపడినవి కావు. డీజీసీఏ వీటిని ప్రకటించింది 2024 జనవరిలో. ఆ ఏడాది జూన్ నుంచి అమలు చేస్తామంది. విమానయాన సంస్థలు మా వల్ల కాదన్నాయి, వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. చివరికి 22 అంశాల్లో పదిహేను 2025 జులై 1 నుంచి, రాత్రి డ్యూటీకి సంబంధించినవి సహా మిగతావి నవంబరు 1 నుంచి అమలు చేయాలని తేలింది. అంటే చేతిలో దాదాపు రెండేళ్ల గడువు ఉన్నట్టే.

ఈ నిబంధనల వెనక చావులున్నాయి. అది మరచిపోయి వీటి గురించి మాట్లాడటం అన్యాయం.

2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో కొండమీద ఉన్న రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మందే బతికారు. కాక్‌పిట్ మాటలను రికార్డు చేసే పెట్టెను తెరిచి విన్నప్పుడు దర్యాప్తు బృందానికి వినిపించింది కెప్టెన్ గురక. రెండు గంటల చిల్లర రికార్డింగులో గంటన్నరకు పైగా ఆయన నిద్రలోనే ఉన్నాడు. లేచాక కూడా ఆ మత్తు వదలలేదని, విమానం ఉండవలసిన దానికన్నా ఎత్తులో వస్తున్నా సరిదిద్దలేకపోయాడని, ల్యాండింగ్ మానేసి పైకి లేపమని కో-పైలట్ హెచ్చరించినా వినలేదని తేలింది. రాత్రి రెండు నుంచి ఆరు గంటల మధ్య మనిషి శరీరం ఎంత ఆపుకున్నా నిద్రలోకే జారుతుంది. అనుభవం, క్రమశిక్షణ దాన్ని జయించలేవు.

2023 ఆగస్టులో నాగపూర్ విమానాశ్రయంలో ఒక పైలట్ పుణె విమానం ఎక్కడానికి వెళ్తూ బోర్డింగ్ గేటు దగ్గరే కుప్పకూలి చనిపోయారు. ఆయన డ్యూటీ నిబంధనల ప్రకారమే ఉందని సంస్థ చెప్పింది. ఆ మరణానికి అలసటే కారణమని చెప్పలేం. కానీ పైలట్ల ఆరోగ్యం మీద, వాళ్లతో చేయిస్తున్న పని మీద చర్చ ఆ తర్వాతే ముదిరింది. కొత్త నిబంధనలు వచ్చింది ఆ చర్చ వేడి చల్లారకముందే.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. ఒక విమానానికి ఎంతమంది పైలట్లు కావాలి? కాక్‌పిట్‌లో ఉండేది ఇద్దరు, కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్. దేశంలో తిరిగే ఎయిర్‌బస్ విమానం రోజుకు 12 గంటలు గాల్లో ఉందనుకుంటే ఏడాదికి 4,380 గంటలు. ఒక పైలట్ ఏడాదికి 1,000 గంటలకు మించి ఎగరకూడదు. కాబట్టి ఒక్కరూ ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా, ఒక్క గంట కూడా వృథా కాకుండా నడిపినా ఐదు జంటలు కావాలి. పైలట్లకు సెలవులుంటాయి, ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ పరీక్షలుంటాయి, వైద్య పరీక్షలుంటాయి, తరగతులుంటాయి. ఎవరికైనా జ్వరం వస్తే ఆదుకోవడానికి స్టాండ్‌బైలో కొందరు ఖాళీగా ఉండాలి. అవన్నీ కలిపితే ఒక్కో విమానానికి పన్నెండు, పదమూడు మంది తేలతారు. వాళ్లలో సగం మంది కెప్టెన్లు అయి ఉండాలి.

ఆ స్టాండ్‌బై పైలట్లే ఈ కథలో కీలకం. సంస్థ ఖాతా పుస్తకంలో వాళ్లు పని లేకుండా జీతం తీసుకునేవాళ్లలా కనిపిస్తారు. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందు పడేది వాళ్లమీదే వేటు.

ఒక రాత్రిని దగ్గరగా చూస్తే వాళ్ల విలువ తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి విశాఖకు రాత్రి పదిన్నరకు బయల్దేరి పావుతక్కువ పన్నెండుకు దిగవలసిన విమానం ఉందనుకుందాం. ఆ సర్వీసుకు వాడవలసిన విమానం ఢిల్లీ నుంచి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడది విశాఖలో దిగేది పన్నెండు ఇరవై అయిదుకు. ప్రయాణికుడికి అది చిన్న విసుగు. రోస్టర్ (డ్యూటీల పట్టిక) చూసేవాళ్లకు మాత్రం కెప్టెన్ డ్యూటీ అర్ధరాత్రి గీత దాటి రాత్రి డ్యూటీగా మారిపోయింది, దాని పరిమితులు వేరు. ఆయనకు ఇవ్వవలసిన విశ్రాంతి ఆ నిమిషం నుంచే మొదలవుతుంది కాబట్టి మర్నాడు మధ్యాహ్నం విశాఖ నుంచి ఆయనే నడపవలసిన బెంగళూరు విమానం ప్రశ్నార్థకమైంది. స్టాండ్‌బై కెప్టెన్‌ను పిలుద్దామంటే ఆయన హైదరాబాద్‌లో ఉన్నాడు, విమానం విశాఖలో ఉంది. ఆయన్ను ఇంకో విమానంలో ప్రయాణికుడిగా పంపాలి. ఆ ప్రయాణం కూడా ఆయన డ్యూటీ గంటల్లోనే పడుతుంది. బెంగళూరు విమానం కదలకపోతే అక్కడి నుంచి అది వెళ్లవలసిన పుణె, పుణె నుంచి వెళ్లవలసిన మరో ఊరు, అన్నీ వరసగా దెబ్బతింటాయి. ఇలాంటివి రోజుకు రెండు మూడైతే సర్దుకోవచ్చు. ఇండిగో రోజుకు నడిపేది రెండువేలకు పైగా విమానాలు.

ఆర్టీసీలో ఒక డ్రైవర్ రాకపోతే డిపోలో ఉన్న ఇంకో డ్రైవర్ చేత డబుల్ డ్యూటీ చేయించి బస్సు కదిలిస్తారు. విమానంలో డబుల్ డ్యూటీ నిబంధనలకు విరుద్ధం. పైగా ప్రతి రకం విమానానికీ విడిగా శిక్షణ, విడిగా అనుమతి ఉండాలి. కడప లాంటి ఊళ్లకు తిరిగే ఏటీఆర్ పైలట్ ఎంత ఖాళీగా ఉన్నా పక్కనే ఆగిపోయిన ఎయిర్‌బస్ ఎక్కలేడు.

ఇప్పుడు డిసెంబరు నాటి లోటు ఎంతో చూద్దాం. కొత్త నిబంధనల ప్రకారం ఇండిగో ఎయిర్‌బస్ విమానాలకు 2,422 మంది కెప్టెన్లు కావాలి, ఉన్నది 2,357 మంది. ఫస్ట్ ఆఫీసర్లు 2,194 మంది కావాలి, ఉన్నది 2,153 మంది. అప్పట్లో బయటికొచ్చిన లెక్క ఇది. తక్కువ పడింది అరవై అయిదుగురు కెప్టెన్లు, నలభై ఒక్కరు ఫస్ట్ ఆఫీసర్లు. నూటికి ముగ్గురు కూడా కాదు. ఆ మాత్రానికే దేశమంతా విమానాశ్రయాల్లో సూట్‌కేసుల కుప్పలు పేరుకుపోయాయంటే, అంతకుముందే ఆ టైంటేబుల్‌ను ఎంత బిగించి పెట్టారో అర్థమవుతుంది. ఊపిరి తీసుకునే సందు లేకుండా అల్లిన రోస్టర్ అది.

హెచ్చరిక రాలేదా అంటే వచ్చింది. నవంబరులోనే ఇండిగో 1,232 విమానాలు రద్దు చేసింది. అందులో 755 సిబ్బంది, డ్యూటీ గంటల సమస్యతోనే. అయినా శీతాకాలం షెడ్యూల్‌లో సంస్థ అదే ఏడాది వేసవి కన్నా దాదాపు 6 శాతం ఎక్కువ విమానాలకు అనుమతి తెచ్చుకుంది. నవంబరు చివర్లో ఎయిర్‌బస్ విమానాల సాఫ్ట్‌వేర్ మార్పులు, వాతావరణం, రద్దీ తోడయ్యాయని సంస్థ చెప్పింది. అవి నిజమే కావచ్చు. కానీ అవి ఏటా ఏదో రూపంలో ఉండేవే. వాటిని తట్టుకోవడానికే స్టాండ్‌బై ఉండేది. రెండేళ్ల గడువు తెలిసి కూడా సంస్థ నియామకాలు ఆపేసిందని పైలట్ల సంఘాలు ఆరోపించాయి. శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు కూడా పార్లమెంటులో ఇది సంస్థ అంతర్గత ప్రణాళికలో, రోస్టరింగ్‌లో వచ్చిన సమస్యేనని చెప్పారు.

అప్పుడు ప్రభుత్వం చేసిన పని మాత్రం మింగుడుపడనిది. డిసెంబరు 5న రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు. వారపు విశ్రాంతికి బదులు సెలవును లెక్కలో చూపకూడదన్న నియమాన్నీ వెనక్కి తీసుకున్నారు. విమానాశ్రయాల్లో చంటిపిల్లలతో నేలమీద పడుకున్నవాళ్లను చూసి ఏదో ఒకటి చేయక తప్పని పరిస్థితి, కాదనలేం. కానీ సంస్థ చేసిన తప్పుకు ఖరీదు కట్టింది పైలట్ల నిద్ర. రెండేళ్లు సిద్ధపడి, నియామకాలు చేసి, నిబంధన పాటించిన సంస్థకు దక్కని వెసులుబాటు, పాటించని సంస్థకు దక్కింది. పైలట్ల సంఘాలు దీన్ని తీవ్రంగా తప్పుపట్టాయి. వాళ్ల కోపం న్యాయమైనది.

తర్వాత డీజీసీఏ ఇండిగో షెడ్యూల్‌లో 10 శాతం కోత పెట్టింది. 2026 జనవరిలో 22.20 కోట్ల రూపాయల జరిమానా వేసి, 50 కోట్ల బ్యాంకు గ్యారంటీ కూడా ఇవ్వమంది. దర్యాప్తు కమిటీ తప్పుల్లో మొదట చెప్పింది సిబ్బందినీ విమానాలనూ మితిమీరి పిండుకోవడాన్నే.

పైలట్లు తక్కువైతే కొత్తవాళ్లను తీసుకోవచ్చు కదా? ఇక్కడే చాలామందికి తెలియని చిక్కు ఉంది. మన దేశంలో పైలట్ లైసెన్సు చేతపట్టుకుని ఉద్యోగం లేక తిరిగే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. కరువంతా కెప్టెన్లకు.

ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివిన పిల్లలు డీజీసీఏ పరీక్షలు పాసై, 200 గంటలు విమానం నడిపితే కమర్షియల్ పైలట్ లైసెన్సు వస్తుంది. ఆ శిక్షణకు అర కోటి రూపాయలకు పైనే అవుతుంది. బేగంపేటలోని తెలంగాణ ఏవియేషన్ అకాడమీ, రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ ఉడాన్ అకాడమీ లాంటి చోట్ల సీట్లు తక్కువ. గంటలు త్వరగా పూర్తవుతాయని చాలామంది అమెరికాకో, దక్షిణాఫ్రికాకో వెళ్తారు. తిరిగొచ్చాక ఎయిర్‌బస్ నడపడానికి విడిగా టైప్ రేటింగ్ శిక్షణ, దానికి మళ్లీ లక్షల్లో ఖర్చు. పొలమో, ఇల్లో తాకట్టు పెట్టి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఉద్యోగ ప్రకటన కోసం ఏళ్లతరబడి ఎదురుచూస్తుంటారు. ఉద్యోగం దొరికినా కుడిపక్క సీటులోనే కూర్చోవాలి. ఎడమపక్క కెప్టెన్ సీటుకు మారాలంటే కనీసం 1,500 గంటల అనుభవం, పై లైసెన్సు, సంస్థ పెట్టే పరీక్షలు కావాలి. మామూలుగా నాలుగైదేళ్లు పడుతుంది. కొత్త ఫస్ట్ ఆఫీసర్‌ను తీర్చిదిద్దడానికి కూడా పక్కన శిక్షకుడైన కెప్టెన్ ఉండాలి. కెప్టెన్ల కొరత శిక్షణనూ తినేస్తుంది.

అందుకే సంస్థలు ఒకరి కెప్టెన్లను మరొకరు లాక్కుంటాయి. గల్ఫ్ సంస్థలు ఇంకా ఎక్కువ జీతాలిచ్చి తీసుకుపోతాయి. దీన్ని ఆపడానికి 2017లో డీజీసీఏ కెప్టెన్ రాజీనామాకు ఏడాది, ఫస్ట్ ఆఫీసర్‌కు ఆరు నెలల నోటీసు పెట్టింది. చాలా ఉద్యోగాల్లో కనిపించనంత నోటీసు అది. అయినా 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు నోటీసు కాలం పూర్తిచేయకుండానే వెళ్లిపోయారు. సంస్థ విమానాలు రద్దు చేసుకుని కోర్టుకెక్కింది. 2024 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు విస్తారా కొత్త జీతాల ఒప్పందం తెస్తే, నచ్చని పైలట్లు పెద్ద సంఖ్యలో సెలవు పెట్టారు. సంస్థ తన విమానాల్లో దాదాపు పదో వంతు తగ్గించుకోవలసి వచ్చింది.

ఇది మన ఒక్కరి రోగం కాదు. 2017 సెప్టెంబరులో యూరప్‌లో ర్యాన్‌ఎయిర్ సెలవుల సంవత్సరాన్ని క్యాలెండర్ సంవత్సరంగా మార్చబోయి, పైలట్లకు ఇవ్వవలసిన సెలవులన్నీ ఒకేసారి మీదపడి, ఆరు వారాలపాటు రోజుకు 40, 50 విమానాలు రద్దు చేసింది. ఆ తర్వాత చలికాలానికీ కోత పెట్టింది. అంతా కలిపి ఏడు లక్షల మంది ప్రయాణాలు తారుమారయ్యాయి. పైలట్ల సంఘాలను ఏనాడూ గుర్తించని ఆ సంస్థ ఆ డిసెంబరులో దిగివచ్చి గుర్తిస్తానంది.

అమెరికా కథలో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. 2009 ఫిబ్రవరిలో కోల్గన్ ఎయిర్ విమానం బఫలో దగ్గర ఒక ఇంటిమీద కూలి 50 మంది చనిపోయారు. ఫస్ట్ ఆఫీసర్ డ్యూటీకి ముందు రాత్రంతా సియాటెల్ నుంచి ప్రయాణం చేసి వచ్చిందనీ, ఇద్దరు పైలట్లూ విమానాశ్రయంలో సిబ్బంది గదిలోనే కునుకు తీశారనీ బయటపడింది. బాధిత కుటుంబాలు పట్టువదలకుండా పోరాడి రెండు మార్పులు సాధించాయి. ఒకటి, పైలట్లకు కచ్చితమైన విశ్రాంతి. రెండోది, ఫస్ట్ ఆఫీసర్‌కు కూడా 1,500 గంటల అనుభవం. ఆ విమానం నడిపిన ఇద్దరికీ అప్పటికే అంతకన్నా ఎక్కువ గంటలే ఉన్నాయి. ఈ రెండో నిబంధన చిన్న సంస్థలకు పైలట్లు దొరకడం కష్టం చేసింది. కోవిడ్ సమయంలో పెద్ద సంస్థలు సీనియర్లను ముందస్తుగా రిటైర్ చేసి, ప్రయాణికులు తిరిగొచ్చాక చిన్న సంస్థల పైలట్లను లాక్కున్నాయి. 2022 మార్చిలో స్కైవెస్ట్ సంస్థ పైలట్లు లేక 29 చిన్న పట్టణాలకు విమానాలు ఆపేస్తామని నోటీసిచ్చింది. నిబంధనలన్నీ ఒకే గాటన కట్టేవి కావు. విశ్రాంతి నిబంధన నేరుగా ప్రాణం కాపాడేది. గంటల నిబంధన మీద చర్చ ఉండవచ్చు.

మన దేశంలో వచ్చే పదిహేను, ఇరవై ఏళ్లలో 30,000 మంది పైలట్లు కావాలని రామ్మోహన్ నాయుడు 2025లో చెప్పారు.  ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. ఒక్కో విమానానికి ఆరుగురు కెప్టెన్లన్న లెక్కన చూస్తే, రేపు రాబోయే విమానాల ఎడమపక్క సీట్లలో కూర్చునేవాళ్లు ఈపాటికే కుడిపక్క సీట్లలో ఉండాలి.

ఏటా రెండుసార్లు, వేసవికీ శీతాకాలానికీ, విమానయాన సంస్థలు తమ షెడ్యూల్ తెచ్చి డీజీసీఏ ముందు పెడతాయి. స్లాట్లు ఖాళీ ఉన్నాయా, విమానాలు ఉన్నాయా అని అప్పుడు చూస్తారు. ఏ రకం విమానానికి ఎంతమంది కెప్టెన్లున్నారో, స్టాండ్‌బైలో నూటికి ఎంతమందిని ఉంచారో, కొత్త విశ్రాంతి గంటలు తీసేశాక చేతిలో ఎన్ని గంటలు మిగులుతున్నాయో ఆ కాగితాల్లోనే రాయించుకోవాలి. ఆ గంటలకు మించి ఒక్క విమానానికీ టికెట్లు అమ్మనివ్వకూడదు. 2025 అక్టోబరులో శీతాకాలం షెడ్యూల్ మీద సంతకం పెట్టేముందు ఆ లెక్క అడిగి ఉంటే, అరవై అయిదుగురు కెప్టెన్ల లోటు విమానాశ్రయాల్లో కాక ఆ కాగితం మీదే బయటపడేది.